కన్నమ్మ పప్పులో బల్లి

కన్నమ్మ వండిన పప్పులో బల్లి పడలేదు. ఇది ఎవరో చెబితే విని రాస్తున్న మాట కాదు. ఆ పప్పు నేను తిన్నాను. మ్యూజియం పెరట్లో నిలబడి ఒకసారి తిన్నాను, గిన్నెడు ఇంటికి తెచ్చుకొని రాత్రికి మళ్ళీ తిన్నాను. తెల్లారి లేచి వాకిలి ఊడ్చి, నీళ్ళు పట్టి, కూరగాయల బండివాడితో బేరమాడి వాణ్ణి ఏడిపించాను. బల్లి పడ్డ పప్పు తిన్న మనిషి చేసే పనులేనా ఇవి?

అయినా ఆ బల్లి మా బస్టాండు దగ్గర టీకొట్టులో బయలుదేరి మణుగూరు కాలనీల దాకా పాకింది. దారిలో పెరిగింది కూడా. ఒకరు బల్లి అన్నారు, ఇంకొకరు తొండ అన్నారు. మణుగూరులో ఉండే మా చెల్లెలి కోడలు ఫోను చేసి, "పెద్దత్తా, మీ వీధిలో ఎవరో బడిపిల్లలకు పాము పడ్డ పప్పు పెట్టిందంట, నిజమేనా?" అంది. ఇక ఊరుకుంటే మొసలి అవుతుందని, దాని తోక పట్టుకొని అది పుట్టిన చోటుకు పోదామని బయలుదేరాను. నేను చదివింది ఐదో తరగతి. అడగడానికి చదువెందుకు? మొహమాటం లేకపోతే చాలు.

ముందు కన్నమ్మ ఎవరో చెప్పాలి. ఆమెది అడవి లోపలి కోయగూడెం. వయసులో ఉండగా తునికాకు కోసింది, కూలికి మిరపతోటల్లో వంగింది. భర్త పోయాక హాస్టల్లో వంటకు కుదిరి, పిల్లల్ని పెద్ద చేసి, ఎవరి కాపురాలు వాళ్ళకు పెట్టి, మా వీధి చివర ఆదివాసీ మ్యూజియంలో పని దొరికిందని నా పక్కింట్లో కిరాయికి దిగింది. దిగిన రోజే నేను పోయి ఊరు, పేరు, ఇంటిపేరు, అల్లుడి సంగతి అన్నీ అడిగాను. ఆమె పొయ్యి అలుకుతూ, "కూసో అక్కా, పొయ్యి ఆరేదాక అడుగు. ఆరినంక నాకు వంటుంటది," అంది. అప్పుడే అనుకున్నాను, ఈమెతో వేగడం కష్టం, వదలడం ఇంకా కష్టం అని.

కన్నమ్మ అణకువ మనిషి కాదు. గొంతు పెద్దది. తన వంట మీద ఆమెకున్న నమ్మకం కొందరికి దేవుడి మీద కూడా ఉండదు. ఉప్పు తగ్గిందని ఎవరైనా అంటే, "నీ నాలుక మీద తగ్గిందేమో చూస్కో," అంటుంది.

మ్యూజియానికి పెద్ద ఆయన రామ్‌చందర్ సార్. మంచి మనిషి, నెమ్మది మనిషి. గూడెం గూడెం తిరిగి రోళ్ళు, తిరగళ్ళు, చేపల బుట్టలు, సొరకాయ బుర్రలు, డోళ్ళు సేకరించి అద్దాల వెనక పెట్టి, కింద అందమైన అక్షరాలతో పేర్లు రాయించాడు. మొదట్లో బడుల నుంచి పిల్లలు వచ్చేవారు. ఈ తలుపులో దూరి, ఆ తలుపులో బయటపడి, ఐసుబండి దగ్గర తేలేవారు. సార్ గుమ్మంలో నిలబడి వాళ్ళ వీపులు చూస్తుండేవాడు. ఆయన్ను చూస్తే నాకే జాలేసేది.

అప్పుడు కవిత టీచరూ ఆయనా కూర్చొని ఆలోచన చేశారు. కవిత టీచరుది కల్లూరు అవతల తండా. వాగు దాటి ఉన్న గూడెంలో బడి చెప్పడానికి వచ్చి ఏడాది కాలేదు. "సార్, మా పిల్లల ఇళ్ళల్ల రోజూ వాడే వస్తువులే అద్దంల పెడితే వాళ్ళేం జూస్తరు? వాళ్ళనే చూపించనీయండి," అంది ఆ పిల్ల. అట్లా మొదలైంది. పాతవి అద్దాల వెనకే ఉంచి, వాడుకోవడానికి కొత్త రోలు, రోకళ్ళు, చాటలు పెరట్లో పెట్టారు. గూడెం పిల్లలు ఇంటి నుంచి ఒక్కో వస్తువు తెచ్చి, అది ఎవరు చేశారో, దేనికి వాడతారో వాళ్ళ భాషలోనూ తెలుగులోనూ చెప్పాలి. కాలనీ బడుల పిల్లలు అడగాలి. సార్ కూడా నెలకోసారి ట్రంకుపెట్టెలో సామాను సర్దుకొని బడులకు పోయి, అక్కడి ముసలివాళ్ళను పిలిచి వాళ్ళతోనే పాఠం చెప్పించేవాడు.

పిల్లలు పెరట్లో సామలు దంచిన మొదటి రోజు, చీపురు పట్టుకొని చూస్తున్న కన్నమ్మ ఉండబట్టలేక అడిగింది.

"దంచినయి ఏం జేస్తరు సారు?"

"ఏముందమ్మా, డబ్బాలో పోసి మళ్ళీ రేపటికి ఉంచుతాం."

"దంచి తినకపోతే అది పనా, డ్రిల్లా? నాకు మూడు రాళ్ళు, ఒక డేగిశా ఇప్పియ్యండ్రి."

సార్ ఇప్పించాడు. ఆ పెరటి పొయ్యి కన్నమ్మ రాజ్యమైంది. పిల్లలు దంచుతారు, చెరుగుతారు, ఆమె వండుతుంది, అందరూ మోదుగాకు విస్తళ్ళలో కలిసి తింటారు. తింటున్నప్పుడు వచ్చే ప్రశ్నలు అద్దాల ముందు రాలేదని సారే చెప్పేవాడు. కాలనీ నుంచి వచ్చిన ఇంజనీరు గారి అబ్బాయి సామల అన్నం మూడోసారి పెట్టించుకొని, "ఇది మా అమ్మకు నేర్పుతారా ఆంటీ?" అని అడిగాడు. కన్నమ్మ ఆ మాటను మా వీధిలో ఇంటింటికీ మోసింది. బడులు వరసకట్టాయి. హాస్టల్లో ఏళ్ళ తరబడి వండినా, వంటామె అని తప్ప ఆమెను ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. ఇక్కడ పిల్లలు గేటు దగ్గరి నుంచే "కన్నమ్మవ్వా" అని అరుస్తూ వచ్చేవారు.

ఇంత సంబరం మీద ఆ బల్లి పడింది.

ఏప్రిల్ మొదట్లో కవిత టీచరు వాగు అవతలి గూడెం పిల్లల్ని తీసుకొచ్చింది. ఆరోజు సార్‌కు భద్రాచలంలో మీటింగు. ఖమ్మం నుంచి ఎవరో ఆఫీసరు గారు కార్యక్రమం చూడటానికి, ఫోటోలు తీయించడానికి వచ్చారు. కన్నమ్మ వాళ్ళ ఊరి నుంచి ముందురోజే సంచి నిండా పుల్లమామిడి కాయలు తెచ్చింది. అప్పుడే సార్‌ను అడిగితే పప్పు చేయమన్నాడు. కాయలు తరిగింది నేనే. తరుగుతూ ముక్కకు ఉప్పద్దుకొని తిన్నదీ నేనే. నన్ను ఎవరూ పిలవలేదనుకోండి, గోడ పక్కనే కదా అని పోయాను.

పిల్లలు మ్యూజియం వరండాలో వరసగా కూర్చున్నారు. అన్నం పెట్టాం, పప్పు వేశాం. ఒక్క చెయ్యి కదల్లేదు.

"తినండి బాబూ, తింటుంటే ఫోటో బాగుంటుంది," అన్నారు ఆఫీసరు గారు.

పిల్లలు తలలు వంచుకున్నారు. కవిత టీచరు మొహం ఎర్రబడింది. "ఏమైందిరా? పొద్దటి నుంచి ఆకలి ఆకలి అన్నరు గదా? ఒక్క ముద్ద తినుర్రి, సార్ ఫోటో తీస్తడు."

చివర కూర్చున్న ఒక చిన్నపిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుండగా అన్నంలో వేలు పెట్టింది. కవిత టీచరు ఆ పిల్ల పక్కన కూర్చొని, "మంచిదానివి గదా," అంటూ తనే ముద్ద కలపబోయింది.

అప్పుడు పొయ్యి దగ్గర నుంచి గరిటె పట్టుకొని కన్నమ్మ వచ్చింది. వరసలో పెద్దగా ఉన్న ఒక ఆడపిల్ల దగ్గర వంగి కోయభాషలో ఏదో అడిగింది. ఆ పిల్ల ఒక్క ముక్క జవాబు చెప్పింది. కన్నమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. మళ్ళీ వంగి, ఈసారి చెవిలో ఏదో చెప్పింది. ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని ఫక్కున నవ్వింది. నవ్వి పక్క పిల్ల చెవిలో ఊదింది. ఆ నవ్వు వరస చివరి దాకా పోయింది, ఏడుస్తున్న చిన్నది కూడా నవ్వింది. నాకు కోయభాష రాదు. నా బతుకులో అంత బాధ ఎప్పుడూ పడలేదు.

కన్నమ్మ విస్తళ్ళన్నీ తనే ఎత్తేసింది. "పప్పు బాగలేదు సారు. తప్పు నాదే," అంది ఆఫీసరు గారితో. కొత్త విస్తళ్ళు వేసి, అన్నం పెట్టి, చింతపండుతో పచ్చిపులుసు కలిపి పోసింది. పిల్లలు ఆకులు నాకేదాకా తిన్నారు. ఆఫీసరు గారు ఫోటోలు లేకుండానే కారెక్కారు.

నేను డేగిశాలో వేలు ముంచి నాకి చూశాను. "బాగలేనిది ఏముందే దీంట్లో?"

"నీకు మంచిగుంటే నువ్వు తిను అక్కా."

తిన్నాను. ఆ సంగతి మీకు తెలుసు.

తెల్లారేసరికి ఊరంతా బల్లి. విచారణ అయ్యేదాకా పెరట్లో పొయ్యి వెలిగించవద్దని సాయంత్రానికి ఖమ్మం ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. వచ్చే బడులకు బయటి నుంచి పొట్లాలు తెప్పించమన్నారు. రావలసిన బడులు రెండు, మా పిల్లలు ఎండలకు రాలేరని కబురు పెట్టాయి. ఎండలు మొన్న లేవా మరి? పొయ్యిరాళ్ళు ఆరిపోయి అట్లాగే ఉన్నాయి. పొట్లాలే ఖాయమైతే కన్నమ్మ చేతికి మళ్ళీ చీపురు. గూడెం పిల్లలు మానేస్తే సార్‌కు మళ్ళీ అద్దాలు, ఐసుబండి.

సార్ ఆమెను పిలిచి అడిగాడు. నేను కిటికీ పక్కనే కరివేపాకు కోస్తున్నాను.

"బల్లి పడిందా కన్నమ్మా?"

"నా పప్పుల బల్లి పడుతదా సారు?"

"మరి బాగలేదని ఎందుకన్నావు?"

"బాగలేక అన్న."

"ఏం బాగలేదు?"

"గది తర్వాత చెప్త. జర ఆగుర్రి."

నేను ఆగగలనా? టీకొట్టు అతన్ని అడిగాను. బస్సు కండక్టరు చెప్పాడన్నాడు. మరునాడు బస్సు ఎదురుగా నిలబడి కండక్టరును దింపి అడిగాను. ఆటో హేమ్లా చెప్పాడన్నాడు. పిల్లల్ని ఆరోజు తీసుకొచ్చి దింపిన ఆటో వాడిదే. హేమ్లా చక్రానికి గాలి కొట్టించుకుంటుంటే పట్టుకున్నాను.

"నీకెవరు చెప్పిండ్రు రా?"

"పిల్లలే పెద్దమ్మా."

"ఏ పిల్ల?"

"ఏ పిల్లని చెప్పాలె? బల్లి పడ్డది, బల్లి పడ్డది అని ఊరొచ్చేదాక అందరూ కలిసి పాట పాడిన్రు. మస్తు ఖుషీగున్నరు."

బల్లి పడ్డ పప్పు పెడితే పిల్లలు ఖుషీగా పాటలెందుకు పాడతారు? అక్కడ నా తెలివి ఆగిపోయింది.

ఆ ఆదివారం కన్నమ్మ చంకలో కోడిని పెట్టుకొని గుమ్మం దిగుతూ కనిపించింది.

"ఎక్కడికే?"

"పనుంది అక్కా."

"కోడితోనా?"

"కోడికే పనుంది. నేను తోడు పోతున్న."

నేను చెప్పులు వేసుకొని వెనకే నడిచాను. రావద్దని ఆమె అనలేదు, అన్నా లాభం లేదని ఆమెకు తెలుసు. బస్సులో కవిత టీచరు కూడా ఉంది. గూడెం పెద్దలతో మాట్లాడాలని బయలుదేరిందట. మొహం వాడిపోయి ఉంది. "నా వల్ల మీ వంట ఆగింది కన్నమ్మా," అంది. "వంట యాడికి పోతది టీచరమ్మా? కోడిని జర పట్టుకో, టికెట్ తీస్త," అంది కన్నమ్మ.

గూడెం పెద్ద దూలయ్య ఇంటి ముందు మంచం మీద కూర్చొని తాడు పేనుతున్నాడు. కన్నమ్మ కోడిని ఆయన కాళ్ళ ముందు దించింది. నాకు అర్థం కావాలనే కాబోలు, తెలుగులోనే చెప్పింది.

"తాతా, మా ఊర్ల మామిడి పండుగ అయిపోయింది. మీ ఊర్ల కూడా అయ్యుంటదనుకున్న. అడగాలె గదా, అడగలే. మీ పిల్లల ఆకుల్ల కొత్త మామిడికాయ పెట్టిన. తప్పు నాదే."

ఓహో అనుకున్నాను. కొత్త మామిడికాయను వాళ్ళు ముందు దేవతకు, పెద్దలకు పెట్టి ఊరంతా కలిసి పండుగ చేస్తారు. అది కాకుండా నోట్లో పెట్టరు. ఒక్కో ఊరు తన రోజు తనే చూసుకుంటుంది. ఈ గూడెంలో ఆ యేడు పూజారి ఇంట్లో చావు జరిగి పండుగ వెనక్కి పోయింది. తన ఊరి పండుగ అయిపోయింది కదా అని కన్నమ్మ ధీమాగా కాయలు తెచ్చింది. కోయ మనిషి కాబట్టే చేసిన పొరపాటు అది. నాకైతే పండుగా లేదు, పట్టింపూ లేదు, చెట్టు మీద కనిపిస్తే తింటాను.

పిల్లలంతా చుట్టూ మూగారు. ఆరోజు నవ్విన పెద్దపిల్లను గుర్తుపట్టి అడిగాను. "పండుగ కాలేదని ఆరోజే చెప్పొచ్చు కదే?"

ఆ పిల్ల కాలి బొటనవేలితో నేల గీస్తూ, "టీచర్ తినమన్నది గదా. టీచర్ మాట కాదని ఎట్ల జెప్పాలె?" అంది.

కవిత టీచరు ఆ మాట విని చటుక్కున దూలయ్య వైపు తిరిగింది. "తాతా, ఆమె తప్పు కాదు. నేనే బలవంతపెట్టిన. ఆ చిన్నదాని నోట్ల ముద్ద పెట్టబోయిన. మా తండాల కూడా తీజ్ పండుగ అయ్యేదాక పిల్లలకు ఎన్ని పట్టింపులో నాకు తెలుసు. అయినా మీవి అడగాలన్న సోయి లేకపాయె."

దూలయ్య తాడు పక్కన పెట్టాడు. "మా పిల్లలు తిన్నరా?"

"లేదు తాతా."

"టీచరమ్మ చెప్పినా తినలే?"

"తినలే."

"ఆకలైనా తినలే?"

"ఊహూ."

"అయితే బడి మంచిగనే నడుస్తున్నది," అన్నాడు దూలయ్య. గూడెమంతా నవ్వింది. తర్వాత గొంతు తగ్గించి, "పండుగ కాకముందే తినిపించిన్రని మాట వచ్చుంటే, ఒక్క తల్లి గూడ మళ్ళ పిల్లల్ని పంపకపోయేది. గది మాత్రం నిజం," అన్నాడు. కవిత టీచరు తల వంచుకుంది. "ఆ బల్లి సంగతేంది మరి? సంతల గూడ అదే ముచ్చట," అని ఆయన అడిగేసరికి పిల్లలు ఒకరినొకరు గిల్లుకున్నారు. కన్నమ్మ ఎటో కొండ వైపు చూసింది. నేను కన్నమ్మ వైపు చూశాను.

కోడిని దూలయ్య ముట్టుకోలేదు. "పండుగ దాక నీ దగ్గరే ఉండనియ్యి. ఆ రోజు తెచ్చి నువ్వే వండు. మీ సారును గూడ తోల్కరా. బోర్డు మీద రాసిండంట గదా మా పండుగ గురించి. వచ్చి చూసి సరిగ్గ రాసిండో లేదో చూసుకోమను."

తిరిగొచ్చి ఈ సంగతంతా చెబితే రామ్‌చందర్ సార్ లేచి వరండాలోకి పోయాడు. పిల్లలు కూర్చున్న చోట గోడ మీదే ఆ బోర్డు ఉంది. పండుగ కాకముందు కొత్త మామిడి ముట్టరు అని పెద్ద అక్షరాలు. "నేను రాయించిన దాని కిందనే కూర్చోబెట్టి, నేనే పప్పు చేయమన్నాను," అని ఆయన గట్టిగా నవ్వాడు. ఆయన అంత గట్టిగా నవ్వడం అదే చూశాను. ఆఫీసుకు ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు, తన తప్పుతో సహా. పప్పులో ఏమీ పడలేదని సాక్ష్యం చెప్పడానికి నన్ను కూడా మాట్లాడమన్నాడు. మాట్లాడాను. అటువైపు ఆయనే ముందు ఫోను పెట్టేశాడు.

పండుగ నాటికి సార్ కాలనీ బడి పిల్లల్ని కూడా వెంటబెట్టుకొని వచ్చాడు. ట్రంకుపెట్టె తేలేదు, అక్కడ అక్కర్లేదు. గూడెం పిల్లలే వాళ్ళను చేతులు పట్టుకొని తిప్పారు. ఇది ఎందుకు పెడతారు, డోలు ఎవరు కొడతారు, అక్కడికి చెప్పులతో రావద్దు అని గదమాయించి మరీ చెప్పారు. ఇంజనీరు గారి అబ్బాయి ప్రతిదానికీ ఎందుకు ఎందుకు అంటుంటే, వీడు నా వంశంలో పుట్టాల్సినవాడు అనుకున్నాను. పూజ అయ్యాక దూలయ్య మొదటి కాయ కోసి పంచాడు. పెద్ద పొయ్యి మీద కన్నమ్మ కోడికూర వండింది, మామిడికాయ పప్పు చేసింది. ఆరోజు వేలు మాత్రమే పెట్టిన చిన్నది ఈసారి మోచేతి దాకా పప్పు కార్చుకుంటూ తిన్నది. కవిత టీచరు కూడా ఆ పక్కనే కూర్చొని తిన్నది.

ఇప్పుడు మ్యూజియం పెరట్లో పొయ్యి మళ్ళీ వెలుగుతోంది. బడులు తిరిగి వస్తున్నాయి. ఏ గూడెం బడి వస్తున్నా ముందు ఆ ఊరి పెద్దకు సార్ ఫోను చేసి, ఏ పండుగలు అయ్యాయి, ఏవి కాలేదు అని అడుగుతాడు. అడిగాకే కన్నమ్మ కూరకు కత్తిపీట ముందేసుకుంటుంది. ఊళ్ళవాళ్ళు కూడా, ఫలానా నాడు మా పండుగ, పిల్లల్ని పంపమని వాళ్ళంతట వాళ్ళే కబురు పెడుతున్నారు.

అన్నీ తేలాయి, బల్లి తప్ప. పండుగ నుంచి తిరుగు బస్సులో కన్నమ్మ పక్క సీటు దొరికింది. ఇక తిరుగుడు మాటలు మానేసి సూటిగా అడిగాను.

"కన్నమ్మా, టీకొట్టు నుంచి కండక్టరు, కండక్టరు నుంచి హేమ్లా, హేమ్లా నుంచి పిల్లలు. ఆ పిల్లలకు ఎవరు చెప్పిండ్రే? ఆ రోజు ఆ పిల్ల చెవిలో నువ్వేం ఊదినవ్?"

కన్నమ్మ కొంగుతో మొహం తుడుచుకొని, కిటికీలో నుంచి తల లోపలికి తెచ్చింది.

"ఎందుకు తింటలేరని ఎవరన్న అడిగితే బల్లి పడ్డదని చెప్పుర్రి అన్న. నేనే అక్కా. పండుగ కాలేదంటే, ఒక్క ముద్దకు ఏం కాదు తిను అంటరు. బల్లి పడ్డదంటే ఎంత పెద్ద సారైనా తినమంటడా?"